పన్నుపోటు సంగతి

ఒరేయ్ శీనూ,

చన్నీళ్లకి పన్ను జివ్వుమంటోందనీ, రాత్రి పడుకుంటే సలుపు పెరుగుతోందనీ రాశావు. ఇవి రెండూ ఒకటి కాదురా. చల్లటిది తగిలి, తీసేసిన కొన్ని క్షణాల్లోనే జివ్వు తగ్గిపోతే లోపలి గుజ్జు ఇంకా కోలుకునే దశలో ఉన్నట్టు. పిప్పి తీసి నింపితే సరిపోవచ్చు. అర నిమిషం దాటినా వదలకపోయినా, ఏమీ తగలకుండానే పోటు మొదలైనా, రూట్ కెనాల్ దాకా వచ్చిందని అనుకో.

అంత చిన్న పన్ను అంత ఏడిపించడమేంటని అడిగావు కదా. వేలు వాస్తే చర్మం సాగుతుంది. పంటి గుజ్జుకి ఆ వీల్లేదు. చుట్టూ గట్టి గోడ, వేరు కొసన సూది మొనంత కంత. పిప్పిలోంచి సూక్ష్మజీవుల విషాలు దిగగానే రక్తనాళాలు ఉబ్బి నీరు ఊరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరి ఇంకాస్త. దానికి తోడు ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడీకైనిన్ లాంటి వాపు రసాయనాలు పుట్టి నరాల కొసల్ని రెచ్చగొడతాయి. మామూలప్పుడు లెక్కచేయని చల్లదనానికే అవి గోల పెట్టేది అందుకే.

ఆ నరాల్లో రెండు రకాలు. చురుక్కుమనిపించేవి త్వరగా స్పందిస్తాయి, చల్లదనానికి లేచేవి అవే. లోతుగా సలిపేవి నెమ్మదివి, వాపు ముదిరాక వేడికి లేస్తాయి. వేడి కాఫీకి పోటెత్తి, చన్నీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉందంటే సంగతి ముదిరిందన్నమాట.

ఇంకో చిక్కుంది. కింది దవడ పన్నుకి మత్తింజక్షన్ ఇస్తే ఒక్కోసారి పెదవి మొద్దుబారినా పన్ను మాత్రం నొప్పంటుంది. డాక్టరు తప్పు కాకపోవచ్చు. నొప్పి కబురు మోయడానికి నరంలో సోడియం దారులుంటాయి. వాపులో పెరిగే కొన్ని దారులు మామూలుగా ఇచ్చే మత్తుమందు లిగ్నోకైన్‌కి సరిగ్గా లొంగవు. అప్పుడు బుగ్గ వైపు 4 శాతం ఆర్టికైన్ అనే ఇంకో మత్తుమందో, పన్నుకీ ఎముకకీ మధ్య ఇంకో ఇంజక్షనో ఇస్తారు. నొప్పి తెలిస్తే చెయ్యెత్తు, ఓర్చుకోకు. వెళ్లే గంట ముందు ఇబుప్రోఫెన్ 400 మి.గ్రా. నొప్పి మాత్ర వేసుకుంటే మత్తు బాగా పడే అవకాశం ఎక్కువ. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, రక్తం పలచబరిచే మందులు ఉంటే మాత్రం అడగకుండా వేసుకోకు.

మందుల షాపులో యాంటీబయాటిక్ కొనకు, గుజ్జు వాపుకి పనిచేయదు. లవంగ నూనె దూదితో ఒక్క చుక్క, పిప్పిలోనే. చిగురుకి తగిలితే కాలుతుంది. మాత్ర నలిపి చిగురు మీద పెట్టడం అసలొద్దు.

ఉన్నట్టుండి నొప్పి మాయమైతే సంబరపడకు. గుజ్జు చచ్చిపోయి ఉండొచ్చు. తర్వాత నమిలితే నొప్పి వచ్చిందంటే సంగతి వేరు కొస దాటినట్టే. ఏ పన్నో నీకే తేల్చుకోలేకపోతే అది మామూలే, చెవిపోటులా కూడా అనిపిస్తుంది. వేడికా చల్లటికా, ఎంతసేపు ఉంటోంది, ఈ రెండూ చీటీ మీద రాసుకెళ్లు.

నీ
రాఘవ