బటన్ ఫోన్లకు వేసిన సిమ్ తాళం తీయించాలి

సంపాదకులకు,

నంబరు మార్చుకోకుండా టెలికాం కంపెనీ మారే హక్కు దేశమంతటా 2011 జనవరి 20 నుంచి ఉంది. 1900కు మెసేజ్ పెట్టి కోడ్ తెచ్చుకుంటే, ఒకే సర్కిల్‌లోనైతే మూడు పనిదినాల్లో నంబరు కొత్త కంపెనీకి మారిపోతుంది. టెలికాం లెక్కల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్ కాబట్టి ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా ఇదే గడువు. అయితే చేతిలో ఉన్నది కంపెనీ అమ్మిన బటన్ ఫోన్ అయితే ఈ హక్కు సగమే దక్కుతుంది. నంబరు మారుతుంది, ఆ నంబరుతో వచ్చే కొత్త కంపెనీ సిమ్‌ను ఈ ఫోన్ తీసుకోదు.

2017లో 1,500 రూపాయల డిపాజిట్ మీద వచ్చిన జియోఫోన్, 2023 జులైలో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ రెండూ ఇలాంటివే. పేదవాళ్ల చేతికి 4జీ చేర్చింది ఇవేనన్నది నిజం, దాన్ని ఎవరూ కాదనక్కర్లేదు. అభ్యంతరమల్లా వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా వాటికి వేసిన తాళం గురించే. ప్రతి సిమ్‌లోనూ సాధారణంగా 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మన దేశపు సిమ్‌లలో అది 404తోనో 405తోనో మొదలవుతుంది, ఆ తర్వాతి రెండు మూడు అంకెలు కంపెనీని చెబుతాయి. ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్ ఆ అంకెలు చదివి, తన జాబితాలో లేకపోతే సిమ్‌ను పక్కన పెట్టేస్తుంది. యాంటెన్నాలో లోపం ఉండదు, సిగ్నల్ అందక కాదు. బ్యాటరీ తీసి పెట్టినా, రీసెట్ కొట్టినా ఈ తాళం పోదు. బజారులో ఎవరో తీసిపెడతామంటే ఒప్పుకోవద్దు. తప్పుడు సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఫోన్ మళ్లీ ఆన్ కాకపోవచ్చు. ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరును మారిస్తే 2023 టెలికాం చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడే నేరం.

మరో ఫోన్ కొనుక్కోవచ్చు కదా అంటారు. జియోకు 2జీ లేదు, ఉన్నది 4జీ, 5జీ మాత్రమే. అందుకే దుకాణంలో చవగ్గా దొరికే మామూలు 2జీ బటన్ ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు. అన్ని సిమ్‌లూ పట్టే 4జీ బటన్ ఫోన్లు నోకియా, లావా, ఐటెల్ వంటి కంపెనీలవి ఉన్నాయి, కానీ ధర ఎక్కువ, మండల కేంద్రంలోని చిన్న దుకాణంలో దొరకడం అరుదు. పైగా జియోభారత్‌తో ప్రకటించిన 28 రోజుల 123 రూపాయల ప్లాన్ ఆ ఫోన్‌కే పరిమితం. అంటే చవక రీఛార్జ్ కావాలంటే ఆ ఫోనే కొనాలి, ఆ ఫోన్ కొంటే ఆ కంపెనీలోనే ఉండాలి.

అసలు ధర కంటే తక్కువకు అమ్మాం, ఆ తేడా రీఛార్జీల్లో రాబట్టుకోవాలి కదా అనేది కంపెనీల వైపు వాదన. సరే, లెక్క వేద్దాం. ఏడాదికి 13 రీఛార్జీలు, ఒక్కోటి 123 చొప్పున 1,599 రూపాయలు. ఫోన్ ధర 999 కాక ఏడాదిలోనే ఇంత కట్టేశాక ఇంకా తాళం దేనికి?

ఫోన్‌ను కంపెనీకి కట్టేయడం మనకు కొత్త కాదు. 2003లో 501 రూపాయలు కట్టించుకుని చేతికిచ్చిన రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లలో సిమ్మే ఉండేది కాదు, నంబరు ఫోన్ లోపలే ఉండేది. సేవలు మూతపడ్డాక అవి దేనికీ కొరగాలేదు. కెనడాలో 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి కంపెనీలు తాళం వేసిన ఫోన్లు అమ్మకూడదు. అమెరికాలో ఆ నిషేధం లేదు. పిల్లలు అక్కడ వాయిదాల్లో కొని అమ్మానాన్నలకు పంపే ఐఫోన్ ఇక్కడి సిమ్‌ను తీసుకోకపోవడానికి చాలాసార్లు కారణం అదే. పంపే ముందే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, క్యారియర్ లాక్ ఎదురుగా సిమ్ ఆంక్షలు లేవని ఉందో లేదో చూడాలి. 14వ మోడల్ నుంచి అమెరికా ఐఫోన్లకు సిమ్ ట్రే కూడా లేదు, ఫోన్ లోపలే ఉండే ఈ-సిమ్ ఒక్కటే.

తాళం లేని ఫోన్లలో ఇంకో చిక్కుంది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాక చాలామంది బీఎస్ఎన్ఎల్‌కు మారారు. దాని 4జీ ప్రధానంగా 700 మెగాహెర్ట్జ్, 2100 మెగాహెర్ట్జ్ మీద, అంటే 28వ, 1వ బ్యాండ్లు అనే సిగ్నల్ తరంగాల మీద నడుస్తుంది. పాత 4జీ ఫోన్లలో చాలావాటికి 28వ బ్యాండ్ లేదు. గోడలు దాటి ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా ఆ 700 సిగ్నలే కాబట్టి, వీధిలో ఉన్న 4జీ గదిలోకి రాగానే మాయమవుతుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో బీఎస్ఎన్ఎల్ వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం లేకపోతే కాల్ రాగానే ఫోన్ 2జీకో 3జీకో దిగిపోతుంది. జనం టవర్‌ను తిట్టుకుంటారు. పెట్టె మీద కెమెరా మెగాపిక్సెళ్లు కొట్టొచ్చినట్టు వేస్తారు, బ్యాండ్ల జాబితా మాత్రం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, టెలికాం శాఖ ఈ సంగతిని ఇకనైనా పట్టించుకోవాలి. ఫోన్ కొన్న ఏడాదికి, లేదా డిపాజిట్ లెక్క తీరిన రోజున, అడగకుండానే కంపెనీ ఉచితంగా తాళం తీయాలి. తాళం ఉన్నంత కాలం ‘ఈ ఫోన్‌లో ఫలానా కంపెనీ సిమ్ మాత్రమే పనిచేస్తుంది’ అని పెట్టె ముందు వైపు తెలుగులో, ధర అంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. పనిచేసే బ్యాండ్లు, ఏ ఏ కంపెనీల వోల్టీ ఉందో దాని కిందే వేయాలి. చవక ప్లాన్‌ను ఫోన్‌తో ముడిపెట్టకూడదు. 2024 డిసెంబరులో కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే విడిగా ప్యాక్‌లు ఇవ్వాల్సిందేనని ట్రాయ్ చెప్పింది, కంపెనీలు ఇచ్చాయి. అలాంటి ఆదేశమే ఇక్కడా కావాలి.

అది వచ్చేదాకా బటన్ ఫోన్ కొనేవాళ్లు తమ పాత సిమ్‌తో పాటు వేరే కంపెనీ సిమ్ ఒకటి దుకాణానికి తీసుకెళ్లండి. డబ్బు చేతికిచ్చే ముందు రెండూ అందులో వేసి ఒక్కో కాల్ కలిపి చూడండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం