కార్తీకం వానలకు మా కొత్తిమీరకో గొడుగు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీల్లో పాలీహౌస్ సాగు, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన ఇంట్లో పంట పెంచడం గురించి అర పేజీ వ్యాసం వేశారు. ఫోటో బాగుంది. లోపల ఎర్ర క్యాప్సికం వేలాడుతోంది, పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒకాయన నవ్వుతూ నిలబడ్డాడు. ఆ ఇస్త్రీ చూడగానే ఆయన ఆ పూట లోపల పని చేయలేదని మాకు అర్థమైపోయింది, సరే, అది వదిలేయండి. నేను చంద్రగిరి దగ్గర ఎకరంన్నరలో కూరగాయలు పెట్టి, మా ఆయన బండి మీద తిరుపతి రైతు బజారుకు తెచ్చి అమ్ముకుంటాను. చలికాలంలో పంటను చలి నుంచి కాపాడుకోవాలంటే పాలీహౌసే మార్గమని రాశారు చూడండి, ఆ మాట దగ్గర ఆగిపోయాను. తిరుపతిలో పంటను చంపేంత చలి ఎక్కడుంది సార్?

డిసెంబరు, జనవరి రాత్రుల్లో 18, 19 డిగ్రీలకు దిగితేనే మేం మంకీ క్యాపులు బయటికి తీస్తాం, టీ అంగడి దగ్గర చేతులు రుద్దుకుంటాం. టమాటాకు అదే పండగ. రాత్రిపూట 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే దానికి పూత నిలుస్తుంది, పిందె బాగా కడుతుంది. మే నెల ఎండకు రాలిపోయే పూతంతా ఈ నెలల్లో కాయవుతుంది. మదనపల్లె, పలమనేరు సంగతి వేరే, అవి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, మేము 160 మీటర్ల దగ్గర ఉన్నాం. ఒకప్పుడు అంతా ఒకే జిల్లా కదా అని కొండ మీదోళ్లకీ కిందోళ్లకీ ఒకే సలహా రాస్తే ఎట్లా?

చలికి కప్పు వేసుకోక తప్పనివాళ్లు ఉన్నారు, కాదనను. లద్దాఖ్‌లో చలికాలం రాత్రులు మైనస్ 20 దాకా పోతాయి, లేహ్‌లోని రక్షణ శాఖ పరిశోధనశాల వాళ్లు నేలలో గుంత తవ్వి పైన పాలిథిన్ కప్పి ఆకుకూరలు పెంచే పద్ధతి అక్కడి రైతులకు నేర్పారు. హాలండ్‌లో గాజు ఇళ్లు కట్టి గ్యాస్ కాల్చి లోపల వేడి పెడతారు. వాళ్లకు కప్పు చేసే పని వెచ్చదనాన్ని బయటికి పోనివ్వకపోవడం. మాకు కప్పు కావాల్సింది పైనుంచి పడే నీళ్లకు.

మనకు అసలు వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో కార్లు తేలిపోయాయి, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింద ఊళ్లవాళ్లు నిద్ర మానుకున్నారు. 2022 డిసెంబరులో మాండూస్ తుఫాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను. సరిగ్గా ఈ నెలల్లోనే మా దగ్గర కూరగాయలకు గిరాకీ. పెరటాసి నెల (తమిళ లెక్కలో సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) వచ్చిందంటే చిత్తూరు వైపు సగం ఇళ్లలో కోడి కోయరు, అది అయిపోగానే కార్తీకం, దాని వెంటనే అయ్యప్ప మాలలు, ఆ తర్వాత ధనుర్మాసం. జనం కూరగాయలు తినే మూడు నాలుగు నెలలూ, కూరగాయలు కుళ్లిపోయే మూడు నెలలూ ఒకటే. మామూలు రోజుల్లో కొత్తిమీర కట్ట 5 రూపాయలంటే ‘ఏందమ్మా అంత’ అనే ఆమె, కార్తీక సోమవారం నాడు 30 ఇచ్చి మారు మాట్లాడకుండా పట్టుకుపోతుంది. అప్పుడు మా దగ్గర కొత్తిమీర ఉండాలి కదా, ఉండదు.

వాన ఏం చేస్తుందో దగ్గరగా చూస్తే గానీ తెలీదు. చినుకు నేలకు తగిలి మట్టితో సహా ఎగిరి అడుగు ఆకుల మీద పడుతుంది, ఆ మట్టిలో, పాత చెత్తలో తెగులు దాక్కుని ఉంటుంది. ఆకు ఆరకుండా రెండు రోజులు తడిగా ఉందంటే టమాటా ఆకు మీద గోధుమరంగు మచ్చ లేస్తుంది, మచ్చలో మళ్లీ వలయాలు, రంపంతో కోసిన మొద్దు మీద కనిపిస్తాయే అట్లాంటివి. కింది ఆకుతో మొదలై పైకి పాకుతుంది. పూత తడిసి పుప్పొడి ముద్దవుతుంది. పండే కాయ తొడిమ చుట్టూ పగులుతుంది. కొత్తిమీర అయితే నేలకు అతుక్కుపోతుంది, చేత్తో ఎత్తితే కాడ మెత్తగా జారి వచ్చేస్తుంది, వేరు మట్టిలోనే ఉంటుంది. నారుమడి సంగతి చెప్పనే అక్కర్లేదు, రాత్రి నిక్కి నిలబడిన మొలకలు తెల్లారేసరికి మొదట్లో నల్లబడి వాలిపోయి ఉంటాయి, నారుకుళ్ళు.

ఇది మూడేళ్లు వరసగా చూసి 2022లో మేం ఒక షెడ్డు వేసుకున్నాం. పాలీహౌస్ అనలేను, అది పందిరికి పెద్దక్క. అరవై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు, అంటే నాలుగు సెంట్లకు కాస్త పైన. సరుగుడు కట్టెలు, కింద రెండడుగులకు తారు పూసి పాతాం. పైన వెదురు బద్దలు, వాటి మీద 200 మైక్రాన్ల యూవీ షీటు, అంటే ఎండకు తొందరగా పాడవని ప్లాస్టిక్. పక్కలు తెరిచే ఉంచాం, కింద మీటరు ఎత్తుకు మాత్రం నెట్ చుట్టాం, బయటి చినుకు మట్టి ఎగిరి లోపల పడకుండా. మేకు కొట్టిన ప్రతి చోటా పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టాం, లేకపోతే గాలికి షీటు అక్కడే చిరగడం మొదలవుతుంది. ఇది మా ఊరి సైకిల్ షాపు ముసలాయన చెప్పిన తెలివి, ఏ పుస్తకంలోనిదీ కాదు. అంతా కలిపి 45 వేలయింది, మా కూలి లెక్కేసుకోలేదు.

మొదటి ఏడాదే తప్పు చేశాం. కప్పుకు వాలు తక్కువ పెట్టాం. డిసెంబరు 9 రాత్రి మాండూస్ తీరం దాటుతోందని టీవీలో చెబుతున్నారు, రాత్రి పదకొండుకు టార్చి వేసి చూస్తే రెండు వెదుళ్ల మధ్య షీటు కిందికి జారి, అందులో నీళ్లు నిలిచి, ఈనబోయే బర్రె పొదుగులా వేలాడుతోంది. ఇంకో గంట ఆగితే ఆ బరువుకు కట్టెలే విరుగుతాయి. మా ఆయన బూజుకర్ర తెచ్చి కింద నుంచి పైకి పొడిచాడు. నీళ్లు అవతలి వైపు పోతాయనుకున్నాడు, ఇవతలికి వచ్చాయి, రెండు బిందెల నీళ్లు తలమీద ఒకేసారి పడితే మనిషి ఎట్లా ఉంటాడో అట్లా నిలబడ్డాడు. ‘ఏమయ్యా, స్నానం అయిందా’ అన్నాను, నవ్వకుండా ఉండలేకపోయాను. తెల్లవార్లూ ఇద్దరం వంతులేసుకుని పొడుస్తూనే ఉన్నాం. సంక్రాంతి అయ్యాక షీటు విప్పి, మధ్య కట్టెలు పన్నెండు అడుగులకు లేపి పక్కలు ఏడడుగులు చేశాం. 2023లో మిచౌంగ్ వాన పడ్డ రోజుల్లో చుక్క నిలవలేదు.

రెండో తప్పు ఇంకా సిల్లీ. ఎండాకాలం వాడిన పచ్చ షేడ్‌నెట్ షీటు కింద అట్లాగే వదిలేశాం, ఉంటే మంచిదే కదా అని. నవంబరులో మబ్బు, పైన షీటు, దాని కింద నెట్, ఇంక వెలుగెక్కడిది? కొత్తిమీర దారంలా సాగి సాగి పడిపోయింది. నెట్ తీసేసిన పది రోజులకు వేసిన విత్తనం బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పుడు దసరాకు ముందు షీటు ఎక్కిస్తాం, సంక్రాంతి తర్వాత దించి మడిచి పెడతాం, మార్చిలో అవే కట్టెల మీద నెట్ కడతాం. షీటు ఎండకు అనవసరంగా మాడదు, వేసవి వానలు నేలను కడిగి పేరుకున్న ఉప్పును కిందికి దింపుతాయి.

ఇంకో వింత. బయట కుండపోతగా వాన, లోపల మేం డ్రిప్ వదులుతున్నాం. కప్పు కింద వాన పడదు కాబట్టి నీళ్లు పెట్టక తప్పదు, కానీ మా మామ అది చూసి ఊరంతా చెప్పాడు, వానలో బోరు మోటారు వేసే కోడలు దొరికిందని. చూరు నుంచి పడే నీటికి చుట్టూ కాలువ తీయకపోతే మాత్రం కష్టమంతా వృథా, నీళ్లు పక్క నుంచి ఊరి లోపలి మడిలోకే వస్తాయి.

పోయినేడు టమాటాలో ఒక ప్రయోగం చేశాను. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు, వంగ మొదలు మీద టమాటా అంటు కడితే నీళ్లు నిలిచినా, ఎండుతెగులు ఉన్న నేలైనా తట్టుకుంటుందని, పైన వాన పడకుండా కప్పు, కింద ఎత్తు మడులు కూడా ఉండాలని. వంగ నారు, టమాటా నారు రెండూ ట్రేల్లో పెంచి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, చిన్న రబ్బరు గొట్టంతో అతికించాను. మొదటి వందలో ముప్పై కూడా బతకలేదు. చేయి కుదిరాక రెండో వందలో డెబ్బై దాకా నిలిచాయి. వాటిని షెడ్డు అంచున, తేమ ఎక్కువుండే చోట నాటాను. మామూలు మొక్కలు వాడిపోయిన మడిలో ఇవి నిలబడి కాశాయి. ఇట్లాంటిది ఒక్కటి మీ వ్యాసంలో ఉండుంటే కత్తిరించి దాచుకునేదాన్ని.

పాలీహౌస్ పనికిరాదని చెప్పడం లేదు. మా తమ్ముడు పలమనేరు దగ్గర అర ఎకరంలో కట్టాడు, బ్యాంకు లోనుతో. అక్కడ చలి నిజంగానే ఉంది. క్యాప్సికం రాత్రి చలికి పిందె సరిగా కట్టక నొక్కుకుపోయిన చిన్న కాయలు వస్తాయి, అందుకని సాయంత్రం నాలుగున్నరకు పక్క కర్టెన్లు దించాలి, పొద్దున ఎండ రాగానే ఎత్తేయాలి. ఎత్తడం గంట ఆలస్యమైతే లోపలి ఆవిరి షీటుకు పట్టి చుక్కలు చుక్కలుగా ఆకుల మీద కురుస్తుంది, వాన బయట ఆగినా లోపల ఆగనట్టు. ఒక వారం పనివాడు రాక ఆలస్యమైంది, కాయలకు బూజు పట్టి కోత సగానికి పోయింది. గాలికి పై షీటు ఒక మూల చిరిగితే, కట్టిన కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ‘అక్కా, మూడు నెలల నుంచి రేపు వస్తామంటున్నారు’ అంటాడు వాడు. మంచి ధర వచ్చిన ఏడు వాడు మాకంటే పది రెట్లు సంపాదించాడు, అదీ నిజమే. కానీ వాడికి ఆ టెన్షన్ మోసే వయసుంది, లోను కట్టే ఓపికుంది. మా ఊళ్లో పది, పదిహేను సెంట్లలో ఆకుకూరలు వేసుకునే ఆడవాళ్లకు అర ఎకరం ఇనుప పైపుల ఇల్లు ఎందుకు?

ఇప్పుడు అసలు విషయం. సబ్సిడీ అనగానే అందరూ ఆ ఇనుప పైపుల పాలీహౌసే మాట్లాడతారు. జాతీయ ఉద్యాన మిషన్ 2014 నాటి మార్గదర్శకాల్లో వెదురు కట్టడం కూడా ఉండేది, 200 చదరపు మీటర్ల యూనిట్ల లెక్కన, చదరపు మీటరుకు 450 రూపాయల ఖర్చు కట్టి అందులో సగం ఇచ్చేలా. నా షెడ్డు 167 చదరపు మీటర్లు. ఆ లెక్కన ఖర్చు 75 వేలు, సగం 37 వేల ఐదొందలు. నాకు నిజంగా అయింది 45 వేలే. అయిన ఖర్చులో సగమే ఇచ్చినా నాలాంటిదానికి ఇరవై రెండు వేల ఐదొందలు కలిసొచ్చేది! ఇది తెలిసి నేను ఒక ఆఫీసుకు వెళ్లి అడిగితే, ‘ఇంత చిన్నదానికి ఫైలు ఎవరు పెడతారమ్మా, అర ఎకరం అయితే చెప్పండి’ అన్నారు. పైగా పక్కలు తెరిచి ఉంటే అది పాలీహౌస్ కాదట. మూస్తే లోపల ఉడికిపోతుంది సార్ తిరుపతిలో, అని చెప్పినా వినే ఓపిక ఆయనకు లేదు. కేరళలో వ్యవసాయ శాఖవాళ్లు వానకు అడ్డుగా వేసే ఇట్లాంటి కప్పులకే, 100 చదరపు మీటర్ల వాటికి కూడా సాయం చేస్తారు. వాళ్లకు వాన మనకంటే ముందునుంచి తెలుసు కాబట్టి అనుకుంటా.

అందుకే మీకు రాస్తున్నా. మీ విలేకరి ఒకరిని ఉద్యాన శాఖ అధికారుల దగ్గరికి పంపించి, నాలుగైదు సెంట్ల వాన కప్పుకు ఇప్పుడు ఏ పథకంలో ఎంత వస్తుందో, ఎవరిని అడగాలో, పక్కలు తెరిచి ఉన్నదానికి ఇస్తారో ఇవ్వరో సూటిగా అడిగి, ఆ జవాబు అట్లాగే వేయండి. ఇవ్వమంటే ఇవ్వమనే వేయండి, మేం ఆఫీసుల చుట్టూ తిరగడం మానేస్తాం. వినాయకచవితి అయిపోయింది, పెరటాసి మొదటి శనివారం కూడా దాటింది, వానలకు ఇంకో మూడు నాలుగు వారాలు. వచ్చే నెల వేస్తే ఉపయోగం లేదు.

షెడ్డు చూడాలంటే ఎవరైనా రావచ్చు, పొద్దున పది దాటాక రండి, అంతకు ముందు మేం బజారులో ఉంటాం. ఫోటో తీసుకుంటే తీసుకోండి గానీ మా ఆయన చొక్కాకు ఇస్త్రీ ఉండదు.

ఇట్లు,
ఒక కూరగాయల రైతు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా