హ్యూస్టన్ వెళ్ళొచ్చాం

డాలస్,
24 సెప్టెంబరు 2019

ఒరేయ్ బావా,

మొన్న ఆదివారం హ్యూస్టన్‌లో జరిగిన 'హౌడీ మోదీ' సభ వీడియోలో మేం కనపడతామేమోనని మళ్ళీ మళ్ళీ తిప్పి చూశానన్నావు. వెతకమాకరా. యాభై వేల మంది జనం, మా సీట్లేమో పైకప్పుకి దగ్గర్లో. అక్కణ్ణించి మోదీ, ట్రంప్ ఇద్దరూ బొటనవేలంత. మేమూ పెద్ద తెర మీదే చూశాం. నీకూ నాకూ తేడా ఏంటంటే నువ్వు మంచం మీద పడుకుని చూశావు.

శనివారం తెల్లారకముందే బయల్దేరాం. మేం ముగ్గురం, కింద వాటాలో ఉండే కరీంనగర్ అన్నా వదినా. ఏడు సీట్ల బండి అద్దెకి తీసుకున్నాం. హ్యూస్టన్ 240 మైళ్ళు, అవనిగడ్డ నుంచి హైదరాబాదు కన్నా ఎక్కువే. హంట్స్‌విల్ దగ్గర రోడ్డు పక్కనే, హ్యూస్టన్ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ శామ్ హ్యూస్టన్ తెల్ల విగ్రహం ఉంది, 67 అడుగులు. మా పిల్ల "ఈయన ఏ దేవుడు నాన్నా?" అంది. పులిహోర అక్కడికే అయిపోయింది.

ముందు నాసా స్పేస్ సెంటర్‌కి వెళ్ళాం. శాటర్న్-5 రాకెట్టుని పడుకోబెట్టి ఉంచారు, 363 అడుగులు. అయితే నాకు నచ్చింది అది కాదు. 1969లో చంద్రుడి మీదికి మనుషుల్ని పంపినప్పటి కంట్రోల్ రూమ్‌ని అచ్చం ఆ రోజున్నట్టే బాగుచేసి, మొన్న జులైలో తెరిచారు. అద్దం వెనక కూర్చుని చూడాలి. బల్లల మీద ఫైళ్ళు, కాఫీ కప్పులు, సిగరెట్ పెట్టెలు, బూడిద గిన్నెలు కూడా అలాగే పెట్టారు. అన్న చూసి "గీ కుర్చీలల్ల కూసోనే పంపిన్రా?" అన్నాడు. నాకేమో చంద్రుడి మీద దిగాల్సిన మన చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ గుర్తొచ్చింది. రెండు వారాలేగా అయింది, ఇంకో రెండు కిలోమీటర్లుందనగా సిగ్నల్ పోయి, ఇస్రో ఛైర్మన్ శివన్ గారు ఏడవటం... సరేలే, ఆ రాత్రి నువ్వూ మేలుకునే ఉన్నావుగా.

సాయంత్రం గాల్వెస్టన్, హ్యూస్టన్‌కి దగ్గర్లో సముద్రం ఒడ్డునున్న ఊరు. దీని గురించి మాత్రం నీకే రాయాలి, ఇక్కడెవరికి చెప్పినా "బీచ్ బాగుందా?" అనే అడుగుతారు. 1900 సెప్టెంబరులో ఆ ఊరి మీదికి ఉప్పెన వచ్చి ఎనిమిది వేలమంది దాకా పోయారు. ఆ తర్వాత సముద్రానికి అడ్డంగా 17 అడుగుల గోడ కట్టారు. అంతటితో ఊరుకోలేదు, ఊరినే ఎత్తు పెంచారు. ఇళ్ళని, చివరికి చర్చిని కూడా జాకీలతో పైకి లేపి, కింద ఇసుక నింపారు. గోడ మీద నడుస్తుంటే మా నాయనమ్మ చెప్పే 77 ఉప్పెన కథలే చెవుల్లో. దివిసీమలో పోయినవాళ్ళు పదివేలకి పైనే కదా. మనకి తుపాను షెల్టర్లు వచ్చాయి, నిజమే. కానీ ఊరినే లేపుదామని మనవాళ్ళలో ఎవరికైనా తోచిందా అని నాకు అనుమానం. నీకు తెలిస్తే చెప్పు, ఇంజనీరువి కదా.

ఇక సభ. ఆ వారంలోనే ఇమెల్డా తుపాను హ్యూస్టన్‌ని ముంచేసింది, జనం రారేమో అనుకున్నా. పొద్దున్నే వెళ్తే అప్పటికే లైను మలుపు తిరిగి ఉంది. లోపలున్నది బయటికి కనపడే ప్లాస్టిక్ సంచి అయితేనే రానిస్తారు, మా ముందరి పెద్దావిడ జరీ సంచీతో వచ్చి కారు దగ్గరికి వెనక్కి నడిచింది పాపం. లైన్లో నాలుగు మాటలు వినపడితే రెండు తెలుగే. "ఏ ఊరండీ మీది?" తో మొదలై, ఎవరి బాబాయికి ఎవరు వియ్యంకుడో తేలేదాకా వెళ్ళింది. రోడ్డుకి అవతల కశ్మీర్ విషయమై నిరసనలు చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ నినాదాలు మా లైను దాకా వినపడ్డాయి.

ప్రసంగాలు నువ్వు విన్నవే. హోయర్ అనే అమెరికా డెమొక్రాట్ నాయకుడు నెహ్రూ పేరెత్తినప్పుడు మా వరసలో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మోదీ "అంతా బాగుంది" అని తెలుగులో అనగానే మా వైపు లేచిన ఈలలకి మా పిల్ల చెవులు మూసుకుంది. చివర్లో ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని స్టేడియం చుట్టూ నడిచారు. నిజం చెప్పాలంటే ప్రసంగం కోసమైతే అంత దూరం అక్కర్లేదురా, టీవీయే మేలు. చిన్నప్పుడు లారీలెక్కి సభలకి పోయినప్పుడు మనం ఏం విన్నాం గనక? జనంలో పడి కేకలేసి రావటమే కదా. ఇదీ అంతే. కాకపోతే బిర్యానీ పొట్లం లేదు.

పార్కింగ్ నుంచి బయటపడేసరికే ప్రాణం పోయింది. ఇల్లు చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది, సోమవారం ఆఫీసులో కళ్ళు తెరవలేకపోయా.

డిసెంబరులో వస్తున్నాం. హంసలదీవి తప్పకుండా వెళ్ళాలి, మా పిల్ల అప్పుడే అడుగుతోంది. టికెట్లు ఇంకా తీసుకోలేదు, నీ సెలవులు ఎప్పుడో ముందు రాయి. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు, మోకాలు ఎలా ఉందో అడిగానని కూడా.

నీ
బావ