జూన్ 7 ఆర్డర్లు: పటం ఎందుకు ఆగింది

ఏటా మా దగ్గర నిధివేట కిట్లు తీసుకునే కుటుంబాలకు నమస్కారం.

ఈసారి జూన్ 7కి నిధి పటాలు అందవు. పాత పటం పట్టుకుని పిల్లలు సముద్రదొంగల నిధి వెతికే సినిమా 'ది గూనీస్' 1985లో విడుదలైన రోజది. ఆ సినిమా తీసిన ఒరెగాన్ ఊరు ఆస్టోరియాలో ఏటా ఆ రోజు గూనీస్ డే చేస్తారు కాబట్టి మీలో చాలామంది హిల్స్‌బరో, బీవర్టన్ నుంచి పిల్లల్ని తీసుకుని అటే వెళ్తారు. అందుకే ముందే రాస్తున్నాం. మూడు కన్నాల ఇత్తడి నాణేలు, తెలుగు చీటీలు సిద్ధం. ఆగింది పటమే.

పటం పాతదానిలా కనబడాలని కాగితాన్ని టీలో ముంచుతాం. అందుకు మేం వాడేది 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే) పత్తి కాగితం, తెల్లదనానికి రసాయనం కలపనిది. సరఫరాదారు పాత లేబుల్‌తోనే వేరే సరుకు పంపాడు. బ్లాక్‌లైట్ (అతినీలలోహిత దీపం) కింద పెడితే నీలంగా వెలిగింది. అంటే తెల్లదనానికి వేసే రసాయనం, ఆప్టికల్ బ్రైటనర్, కలిసింది. ఆ నీలి వెలుగు టీ మరకలోని పసుపును మింగేస్తుంది, పటం బూడిదరంగుకు తిరుగుతుంది. అంతటితో ఆగలేదు. పాత కాగితం మీద నీటిబొట్టు ముత్యంలా నిలిచేది. దీనిమీద పడీపడగానే ఇంకిపోయింది. సైజింగ్ (నీళ్లు వెంటనే పీల్చకుండా కాగితానికి పట్టించే పూత) సరిగా లేని కాగితం టీలో నానితే మూలలు ఊడి చేతికొస్తాయి, నాలుగు మడతలకే చీలుతుంది. సరఫరాదారును అడిగితే "అది టీలో ముంచే కాగితం కాదండీ" అన్నారు. మేం దేనికి కొంటున్నామో మొదటి ఆర్డరు నుంచీ వాళ్లకు తెలుసు. ఆ మాట ఇంకా మింగుడు పడలేదు. ఇక అక్కడ కొనం.

మరకలు కంప్యూటర్లోనే గీసి మామూలు కాగితం మీద ప్రింటు కొట్టించవచ్చు, ఒక్క రోజు పని. దీనిమీదే బాగా తర్జనభర్జన పడ్డాం, ఎందుకంటే పిల్లల పుట్టినరోజులు మనకోసం వాయిదా పడవు. అయినా వద్దనుకున్నాం. గూనీస్ సినిమాకి 105 అడుగుల సముద్రదొంగల ఓడను నిజంగా కట్టారు. దర్శకుడు రిచర్డ్ డానర్ షూటింగ్ దాకా దాన్ని పిల్లల కంట పడనివ్వలేదు. తెరమీద వాళ్లు నోరెళ్లబెట్టింది ఆ ఓడను చూసే. మనం చిన్నప్పుడు నమ్మింది కూడా అందుకే. అటకమీద దొరికిన పటమని చెప్పి, వెనక్కి తిప్పితే తెల్లగా కనబడే కాగితాన్ని పిల్లల చేతిలో పెట్టడం మావల్ల కాదు.

మరో మిల్లు నమూనా రెండు పరీక్షలూ నెగ్గింది. ఆ కాగితంతో పటాలు జూన్ చివర్లో పంపుతాం, ధర పెంచం.

జూన్ 7కే కావాలంటే పటం బొమ్మ ఫైలు పంపుతాం, ఇంట్లో చేసుకోండి. బ్రైటనర్ లేని పత్తి కాగితం కొని, లేజర్ ప్రింటరు మీదో పిగ్మెంట్ ఇంకుతోనో తీయండి. డై ఇంకైతే గీతలన్నీ కారిపోతాయి. లీటరు నీళ్లలో 8 టీ బ్యాగులు పది నిమిషాలు మరిగించి పూర్తిగా చల్లార్చండి. కాగితాన్ని ఉండచుట్టి, విప్పాకే ఓవెన్ ట్రేలో పోసిన ఆ టీలో ముంచండి. నలిగిన చోట రంగు ఎక్కువ పడుతుంది. మూడు నిమిషాలు చాలు. తడిగా ఉండగానే అంచులు వేళ్లతో చింపితే పీచుపీచుగా వస్తాయి, కొవ్వొత్తితో కాల్చే పని లేదు. మూల పట్టి లేపకుండా, టీ వంచేసి, ట్రేతో సహా 200 ఫారెన్‌హీట్ ఓవెన్లో పెట్టి, పక్కనే నిలబడండి. ఆరేడు నిమిషాల్లో అంచులు లేవగానే తీసేయాలి.

జూన్ చివరిదాకా ఆగుతారా, ఫైలు కావాలా, డబ్బు వెనక్కి కావాలా అన్నది ఆర్డరు నంబరుతో మే 25లోగా రాయండి. జవాబు రాని ఆర్డర్లకు మొత్తం డబ్బు తిరిగి వేసేస్తాం. నాణెం, చీటీలు మాత్రం అందరికీ ఈ వారమే పంపుతున్నాం, వాటికి డబ్బు తీసుకోం.