పది రోజుల్లో గొంతులు కలవవు

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో బృందగానానికి టైమ్‌టేబుల్లో చోటెందుకు, ఉత్సవాలప్పుడు పది రోజులు ప్రాక్టీసు చేయిస్తే చాలదా అని ఒక పాఠకులు ఈ పేజీలో రాశారు. బయటినుంచి చూసేవాళ్లకు అలా అనిపించడం సహజమే. నలభైమంది వేదికెక్కుతారు, ఆరు నిమిషాలు పాడి దిగిపోతారు. ఆ ఆరు నిమిషాలు ఎలా తయారవుతాయో నాలుగేళ్లు లోపలుండి చూసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. రసాయనశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. హాస్టల్లో పక్కగది అమ్మాయి రమ్మంటే వెళ్లాను. బృందగానమంటే అందరూ ఒకే వరుస కలిసి పాడటమని అప్పటిదాకా నా ఉద్దేశం. అక్కడ నాలుగు వరుసలున్నాయి. ఆడవాళ్లలో పై గొంతులు సొప్రానో, కింది గొంతులు ఆల్టో. మగవాళ్లలో టెనర్, బేస్. నాలుగు వరుసలవాళ్లు వేర్వేరు స్వరాలు ఒకేసారి పలుకుతారు. నన్ను ఆల్టోలో నిలబెట్టారు.

మొదటి పాటలో మా వరుస చూసి చిన్నబుచ్చుకున్నాను. పాటలోని అందమంతా సొప్రానోలకే పోయింది. మాకు రెండు పంక్తులు దాదాపు ఒకే స్వరం మీద. మధ్యలో ఒకసారి అరమెట్టు దిగి మళ్లీ అక్కడికే రావాలి. ఒక సాయంత్రం పరీక్షల వల్ల ఆల్టోలెవరూ రాలేదు. నేను ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. మిగతా మూడు వరుసలూ శ్రుతిలోనే ఉన్నాయి, కానీ ఆ రెండు పంక్తుల దగ్గరికొచ్చేసరికి పాట డొల్లబోయింది. మాస్టారు పాట ఆపి నావైపు తిరిగారు. "విన్నావా అమ్మా? ఈ కార్డ్‌లో మూడో స్వరం మీ దగ్గరుంది. అది లేకపోతే మేజరో మైనరో వినేవాళ్లకు తెలియదు" అన్నారు. కార్డ్ అంటే ఒకేసారి పలికే కొన్ని స్వరాల కలయిక. అందులోని మూడో స్వరాన్ని బట్టే అది వెలుగుగా వినిపించే మేజరో, దిగులుగా వినిపించే మైనరో తేలుతుంది. ఆ తర్వాత నేను కారణం లేకుండా ఒక్క రోజూ మానలేదు.

చేరిన కొత్తలో ఆయనే ఒకసారి, "నీ గొంతు నాకు విడిగా వినపడుతోందమ్మా" అన్నారు. మెచ్చుకున్నారనుకుని ఇంకాస్త గట్టిగా పాడాను. పక్కనున్న అమ్మాయి మెల్లగా నా మోచేయి తాకింది. చుట్టూ శబ్దం పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే ఈ సంగతి రాసిపెట్టాడు. బృందంలో ఒకరు పెంచితే పక్కవాళ్లూ పెంచుతారు, చివరికి అందరూ అరుస్తుంటారు. దానికి విరుగుడు ఒకటే: కుడిపక్కవాళ్ల గొంతు, ఎడమపక్కవాళ్ల గొంతు నీ చెవికి అందేంత మేరకే పాడాలి. చెప్పడానికి ఒక్క మాటే. నాకు ఒంటబట్టడానికి ఏడాది పట్టింది.

అచ్చులు కలవడం కూడా అంతే. "ఆ" అని నలభైమంది పలికితే నలభై రకాల "ఆ"లు వస్తాయి. ఒకరు పెదవులు సాగదీస్తారు, ఒకరు నాలుక వెనక్కి లాగుతారు. స్వరం సరిగ్గానే ఉన్నా వినేవాళ్లకు శ్రుతి తప్పినట్టే ఉంటుంది. ఒక వారమంతా మేం ఆ ఒక్క అచ్చు మీదే ఉన్నాం.

ఊపిరి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పాట చివర ఇరవై మాత్రల పాటు తెగకుండా సాగే స్వరముంది. అంతసేపు నిలపడం నాకు సాధ్యం కాదు. అందుకే పక్కపక్కన ఉన్నవాళ్లు ఒకేచోట ఊపిరి తీసుకోకూడదు. నా ఎడమపక్క అమ్మాయి కాగితంలో ఐదో మాత్ర దగ్గర పెన్సిల్ గీత, నా కాగితంలో తొమ్మిదో మాత్ర దగ్గర. మెల్లగా స్వరం వదిలి, ఊపిరి నింపుకుని, అంతే మెల్లగా మళ్లీ అందులో కలవాలి. నదిలో దిగినట్టు, చప్పుడు కాకుండా. మొదటి కచేరీలో భయపడి ఆమె తీసుకున్నచోటే నేనూ తీసుకున్నాను. ఆ అరక్షణంలో మా మూలన స్వరం తెగింది, నాకు స్పష్టంగా వినపడింది. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు ప్రాక్టీసులో తన గీత చెరిపి ఏడో మాత్రకు జరుపుకుంది, నేను తడబడినా పట్టుకోవడానికి వీలుగా.

ఇవేవీ పది రోజుల్లో అయ్యేవి కావు. పది రోజుల్లో పాట నేర్పవచ్చు, అంతే. వాద్యం లేకుండా పాడితే చివరికి శ్రుతి తెలియకుండానే దిగిపోతుంది. అలసట వల్ల, ఒకే స్వరం మళ్లీమళ్లీ పలకడం వల్ల, ఊపిరి ఆనక. పాట అయ్యాక మాస్టారు కీబోర్డు మీద ఒక్క మెట్టు నొక్కేవారు. ఎంత దిగామో అందరికీ తెలిసిపోయేది. ఎవరివల్ల దిగిందో ఆయన ఏనాడూ చెప్పలేదు. కొన్ని నెలలకు ఆ మెట్టు, మా స్వరం ఒక్కటిగా వినపడిన రోజు గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఒక ఫలితం ప్రచురించారు: కలిసి పాడేవాళ్ల గుండె వేగం కూడా కలిసే పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని. పాటలోని పాదాలు ఊపిరిని నడిపిస్తే, ఊపిరి గుండెను నడిపిస్తుంది. వైవా ముందురోజు నేను ప్రాక్టీసుకెందుకు వెళ్లానో ఇంట్లోవాళ్లకు అప్పట్లో చెప్పలేకపోయాను.

బృందగానం విశ్వవిద్యాలయానికి అదనపు హంగు అనేవాళ్లకు ఫిస్క్ విశ్వవిద్యాలయం గురించి చెప్పాలి. బానిసత్వం నుంచి విముక్తులైనవాళ్ల చదువు కోసం అమెరికాలోని నాష్‌విల్‌లో 1866లో దాన్ని తెరిచారు. ఐదేళ్లకే అప్పుల్లో కూరుకుపోయింది. 1871 అక్టోబరు 6న, కోశాధికారి జార్జ్ వైట్ వెంట తొమ్మిదిమంది విద్యార్థులు పాడి డబ్బు తేవడానికి బయల్దేరారు. తొలి రోజుల్లో వచ్చిన కొద్ది డబ్బునూ చికాగో అగ్నిప్రమాద బాధితులకు ఇచ్చేశారు. తమ పెద్దలు బానిసత్వంలో పాడుకున్న పాటలు వేదికలమీద పాడి, ఇంగ్లండు దాకా వెళ్లి, విక్టోరియా రాణి ముందూ పాడారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయంలో ఉంది.

నేను చదివినచోట వారానికి రెండు సాయంత్రాలుండే ప్రాక్టీసును తీసేశారు. స్నాతకోత్సవానికి పది రోజుల ముందు నోటీసు పెడతారట. బాగా పాడేవాళ్లే రావాలని అందులో రాస్తారట. అలాగైతే నాలాంటిది ఆ గుమ్మం దాటేది కాదు. పాడటం రానివాళ్లు వచ్చి, వినడం నేర్చుకుని, ఆ తర్వాత పాడగలిగేవాళ్లయ్యే చోటు అది.

మేం పాడిన గదిలో ఇప్పుడు పాత జవాబుపత్రాల కట్టలు పెట్టారని జూనియర్లు చెప్పారు. వాటిని ఇంకెక్కడికైనా మార్చి, ఆ గది తాళాలు మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు విద్యార్థులకు ఇవ్వమని సంబంధిత అధికారులను కోరుతున్నాను. కీబోర్డు మా బ్యాచ్ వాళ్లం పంపిస్తాం.

ఇట్లు,
ఆల్టో వరుసలో పాడిన ఒక పూర్వ విద్యార్థిని