రాణి, దాని పిల్లలు: నాన్నగారికి హ్యూస్టన్ నుంచి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మృగశిర కార్తె వచ్చింది కదా, తెనాలి వైపు వాన పడిందా? ఫోన్లో మీకు సరిగ్గా వినపడక, వీడియో కాల్ మధ్యలో ఆగిపోయి, మా ఇంట్లో ఉన్న తల్లికుక్క రాణి, దాని పిల్లల సంగతి ఎప్పుడూ సగంలోనే ఉండిపోతోంది. "పాలు పట్టి పెంచి, ఎవరెవరికో ఇచ్చేసిందట" అని అమ్మ చెబితే మీరు ఆ రోజంతా దిగులుగా ఉన్నారని తమ్ముడు చెప్పాడు. మూగజీవుల్ని అలా తల్లి నుంచి విడదీస్తే ఉసురు తగలదా అన్నారట. మీరు అలా అడగడం న్యాయమే. అందుకే తీరిగ్గా కూర్చుని అంతా రాస్తున్నాను.

మన ఊళ్లో పూర్వం బందెలదొడ్డి ఉండేది కదా, ఇక్కడ కుక్కలకు అలాంటి చోటు ఉంటుంది. షెల్టర్ అంటారు. వీధిలో దొరికినవి, సొంతదార్లు వద్దని వదిలేసినవి అన్నీ అక్కడికే చేరతాయి. ప్రభుత్వం నడిపే షెల్టర్లకు వచ్చినదాన్ని కాదనే వీలు సాధారణంగా ఉండదు. గదులు నిండిపోయాయంటే, ఏ జబ్బూ లేని కుక్కకి కూడా సూది వేసి చంపేస్తారు. టెక్సాస్‌లో చలి తక్కువ, కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించనివాళ్లు ఎక్కువ, ఏడాది పొడుగునా పిల్లలు పుడుతూనే ఉంటాయి. అందుకే ఇక్కడి కుక్కల్ని వ్యాన్లలో ఎక్కించి కొలరాడో లాంటి రాష్ట్రాలకు కూడా పంపుతుంటారు. అక్కడ పెంచుకునేవాళ్లు దొరుకుతారు.

షెల్టర్ నుంచి కుక్కల్ని బయటికి తెచ్చే రెస్క్యూ సంస్థలు చాలా ఉన్నాయి. వీటిలో చాలావాటికి సొంత భవనాలుండవు. మాలాంటి వాళ్ల ఇళ్లే వాటికి ఆధారం. డాక్టరు ఖర్చు, మందులు సంస్థవి. ఇల్లు, చాకిరీ మనవి. కుక్క కోలుకుని, పెంచుకునే ఇల్లు దొరికేదాకా మన దగ్గర ఉంటుంది. దీన్నే ఫోస్టరింగ్ అంటారు. అంటే రాణి, దాని పిల్లలు గడప దాటి లోపలికి వచ్చిన రోజే అవి వెళ్లిపోవాల్సినవని మాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఒక టైర్ల షాపు వెనక రేకుల కింద దొరికింది రాణి, ఏడు పిల్లలతో. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. అలాంటి వాటికి షెల్టర్ చాలా ప్రమాదం, ఎందుకంటే అక్కడ పార్వో అనే అంటుజబ్బు ఉంటుంది. మన వీధిలో కుక్కపిల్లలు రక్తవిరేచనాలతో ఒకదాని వెనక ఒకటి పోతుంటే దిష్టి తగిలిందనేవాళ్లు, గుర్తుందా? చాలావరకు ఆ జబ్బే అయ్యుంటుంది. ఈ వైరస్ లోకానికి తెలిసింది 1978లో. మట్టిలో ఏడాదికి పైగా బతకగలదు. మామూలు సబ్బుకి చావదు, ఒక పాలు బ్లీచ్‌ని ముప్పై పాళ్ల నీళ్లలో కలిపి కడగాలి. మేము మా చెప్పుల అడుగులు కూడా అలాగే కడిగి గదిలోకి వెళ్లేవాళ్లం.

బట్టలుతికే మెషీన్ ఉన్న గదిని వాటికిచ్చాం. చిన్నపిల్లలు ఎండాకాలం నీళ్లలో ఆడుకునే ప్లాస్టిక్ తొట్టి ఒకటి కొని, పాత దుప్పట్లు పరిచాం. రాణి మెడ చుట్టూ వెంట్రుకలు లేని గీత ఒకటి ఉంది, తాడు ఒరుసుకుపోయిన గుర్తు. ఎవరో ఒకప్పుడు కట్టేసి పెంచిందే. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మేము చూస్తుంటే తినేది కాదు. గిన్నె పెట్టి, లైటు ఆర్పి, తలుపు దగ్గరగా వేసి వస్తే అప్పుడు చప్పుడయ్యేది. తినడం అవగానే మళ్లీ తొట్టిలోకి పోయి, ఒక్కో పిల్లనీ ముక్కుతో తోసి చూసుకుని పడుకునేది.

పాలిచ్చే తల్లికి బలం కావాలని దానికి కూడా కుక్కపిల్లల మేతే రోజుకి నాలుగుసార్లు పెట్టమన్నారు. మన పప్పన్నం పెట్టకూడదా అని అమ్మ అడిగింది కదా. మనం పోపులో వేసే ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తాన్ని పాడు చేస్తాయి. ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉగాదికి పాయసం చేసినప్పుడు నేను ఆ గది తలుపు మూసే ఉంచాను. ఇంట్లో పిల్లలు చేతిలో గిన్నెతో తిరుగుతుంటారు, ఒక్క గింజ కింద పడినా నాకు టెన్షనే. మన ఊళ్లో కుక్కలు అన్నీ తినే బతుకుతున్నాయి కదా అంటారు. బతికినవే మన కళ్లకి కనిపిస్తాయి నాన్నగారూ.

పిల్లలన్నీ ఒకే గోధుమరంగు. గుర్తు కోసం మెడకి రంగు పట్టీలు కట్టి, పొద్దునా సాయంత్రం వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో తువ్వాలు పరిచి తూచేవాళ్లం. పుస్తకంలో రాసే పని మీ మనవడిది. మొదటి వారాల్లో కుక్కపిల్లకి బాగున్నట్టు తెలిసేది బరువుతోనే. ఏడుపు, కదలిక మోసం చేస్తాయి గానీ గ్రాములు చేయవు. నీలం పట్టీ కట్టిన పిల్ల బరువు మొదట పెరగకుండా ఆగింది, తర్వాత తగ్గింది. రాణి దాన్ని దగ్గరికి లాక్కున్నా అది పట్టుకుని తాగలేకపోయింది. ఆవుపాలు దానికి పనికిరావు, కొవ్వు, మాంసకృత్తులు చాలవు, విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కపిల్లల కోసమే అమ్మే పాలపొడి కలిపి చిన్న సీసాతో పట్టాలి. అది కూడా వెల్లకిలా కాదు, పొట్ట మీద ఉంచి తల కాస్త ఎత్తి పట్టాలి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు చల్లబడిన పిల్లకైతే ముందు వెచ్చదనం ఇచ్చి, ఆ తర్వాతే పాలు. ఆ చిన్న వయసులో వాటి ఒళ్లు వాటంతట అవి వెచ్చగా ఉంచుకోలేవు. రాత్రంతా మీ అల్లుడుగారు, నేను వంతులేసుకుని దాన్ని గుండెకి ఆనించుకుని కూర్చున్నాం. తెల్లవారుజామున పోయింది. తొట్టి దగ్గరికి తీసుకెళ్తే రాణి వాసన చూసి, రెండుసార్లు నాకి, మిగిలిన ఆరింటి దగ్గరికి వెళ్లిపోయింది. నేను చాలా ఏడ్చాను. ఇప్పటికీ ఆ నీలం పట్టీ అల్మారాలో ఉంది.

మిగిలినవి ఆగకుండా పెరిగాయి. రెండో వారానికి కళ్లు, ఆ తర్వాత చెవులు తెరుచుకున్నాయి. నాలుగో వారంలో నానబెట్టిన మేత మొదలుపెడితే, గిన్నెలోకే దిగి కాళ్లతో తొక్కి, ఒకదాన్నొకటి నాక్కునేవి. కుక్కపిల్లకి మూడో వారం నుంచి మూడు నెలల దాకా చాలా ముఖ్యం. ఆ రోజుల్లో ఏది చూసి, ఏది విని భయపడకుండా ఉంటుందో, జీవితాంతం దానికి చాలావరకు భయపడదు. అందుకని కుక్కర్ విజిల్, మిక్సీ, వాక్యూమ్ క్లీనర్ అన్నీ వినిపించాం. గడ్డం ఉన్నవాళ్లని, టోపీ పెట్టుకునేవాళ్లని, చేతికర్రతో నడిచే పక్కింటి పెద్దాయన్ని పిలిచి పిల్లల మధ్య కూర్చోబెట్టాం. మొదటిసారి విజిల్‌కి ఆరూ రాణి కిందికి దూరాయి. నెల తిరిగేసరికి విజిల్ వస్తే వంటింటి గుమ్మం దగ్గర బారులు తీరేవి.

మీరు అడిగిన విడదీయడం గురించి. ఎనిమిది వారాలకి ముందు ఎవరికీ ఇవ్వం. పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ, గట్టిగా కొరికితే తల్లి చేత చీవాట్లు తింటూ పళ్లని అదుపులో పెట్టుకోవడం నేర్చుకునేది అప్పుడే. ఆ తర్వాత తల్లే వాటిని దూరం పెడుతుంది. రాణి ఏడో వారం నుంచే పాలకోసం వస్తే గుర్రుమని, అవి ఎక్కలేని సోఫా మీదికి పోయి కూర్చునేది. రెండేసి వారాలకి పురుగుల మందు, ఆరో వారం నుంచి టీకాలు, మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత చిప్. తప్పిపోతే ఆ చిప్ చదివి సొంతదారు ఎవరో చెప్పేస్తారు. ఇక్కడి చట్టం ప్రకారం షెల్టర్లు, రెస్క్యూలు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసైనా ఇవ్వాలి, చేయిస్తామని తీసుకునేవాళ్ల చేత సంతకమైనా పెట్టించాలి.

తీసుకుంటామని వచ్చినవాళ్లందరికీ ఇవ్వలేదు. అద్దె ఇల్లయితే ఇంటివాళ్లు ఒప్పుకున్నారా, పగలంతా ఎవరుంటారు, దడి ఉందా, అన్నీ అడుగుతాం. మనవాళ్లు వస్తే నేను ఇంకో ప్రశ్న కలుపుతాను, ఇండియాకి వెళ్లినప్పుడు కుక్క ఎక్కడుంటుందని. నెల రోజులు వెళ్తాం కదా మనం, దాని గురించి ముందే ఆలోచించినవాళ్లు తక్కువ. ఒక తెలుగు జంట చాలా ముచ్చటపడి వచ్చారు. అత్తగారు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారని, ఆవిడకి కుక్కలంటే ప్రాణభయమని మాటల్లో తేలింది. ఆవిడ వచ్చి, ఒకసారి మా ఇంట్లో కూర్చుని చూశాక మాట్లాడుకుందాం అన్నాను. కోపం వచ్చిందేమో అనుకున్నా. నిజంగానే ఆవిణ్ణి తీసుకొచ్చారు. మొదట కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చున్నారు. పచ్చ పట్టీది వచ్చి కింద ఆవిడ చెప్పు మీద తల పెట్టి నిద్రపోయింది. దాన్ని లేపొద్దని అందరినీ ఆవిడే కసిరారు. పచ్చ పట్టీ ఇప్పుడు వాళ్లింట్లో ఉంది. రెండు పిల్లలు కొలరాడో వెళ్లాయి, మిగిలినవి ఈ చుట్టుపక్కలే. ఫోటోలు తమ్ముడి ఫోన్‌కి పంపాను, పెద్దగా చేసి చూపించమన్నాను.

వాటిని ఇచ్చేయడానికి మనసెలా వచ్చిందంటే, రాలేదు నాన్నగారూ. ఒక్కోటి వెళ్లినప్పుడు ఒక్కో రోజు ఇంట్లో అన్నం సహించలేదు. కానీ ఆరింటినీ ఉంచుకుంటే ఆ గది నిండిపోతుంది. రేపు ఇంకో టైర్ల షాపు వెనక ఇంకో రాణి దొరికితే మేము తెచ్చుకోలేం. పెంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కళ్లు తెరవని పిల్లల్ని రాత్రుళ్లు చూసేవాళ్లే దొరకరు.

నాకు అసలు బాధ ఒకటే. పిల్లల కోసం అంతమంది వచ్చారు కదా, తల్లిని అడిగినవాళ్లు లేరు. రాణికి వచ్చిన నాడే రక్తపరీక్ష చేస్తే హార్ట్‌వార్మ్ ఉందని తేలింది. దోమకాటుతో లోపలికి పోయే పురుగులు, గుండె దగ్గర రక్తనాళాల్లో జానెడుకి పైగా పెరుగుతాయి. పిల్లలు పాలు మానాక వైద్యం మొదలైంది. నెల రోజులు మాత్రలు, కొంత విరామం, తర్వాత నడుము కండలో ఇంజెక్షన్లు మూడు. మొదటిది మే చివర్లో అయింది. మిగిలిన రెండూ ఈ నెలాఖరున వరసగా రెండు రోజులు. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తులకి అడ్డం పడతాయని పరుగులు, గంతులు పూర్తిగా మాన్పించాలి. జూలై 4న ఇక్కడ ఊరంతా బాణసంచా కాలుస్తారు, ఆ చప్పుడుకి అది బెదిరి గంతులేస్తుందేమోనని ఇప్పటి నుంచే నాకు భయం. డాక్టరు ఆ రాత్రికి మత్తు మాత్ర ఇస్తానన్నారు.

ఒక మంచి మాట. రిటైరైన టీచరమ్మ ఒకావిడ, ముసలి కుక్క పోయిందని వచ్చారు. పిల్లలు వద్దు, తల్లి చాలు అన్నారు. వారానికి రెండుసార్లు వచ్చి రాణి పక్కన నేలమీద కూర్చుని పుస్తకం చదువుకుంటారు. వైద్యం పూర్తయ్యాక తీసుకెళ్తారు. మనుషులు చూస్తే అన్నం ముట్టని రాణి ఇప్పుడు ఆవిడ చేతిలోంచి తింటోంది.

ఇక మీతో పని. అమ్మ రోజూ అన్నం పెట్టే మన వీధి ఆడకుక్క మళ్లీ ఈనిందని, లారీ కింద రెండు పోయాయని తమ్ముడు చెప్పాడు. ఏటా ఇదే కదా. ఈసారి పిల్లలు పాలు మానాక, పాలు ఆరిపోగానే దానికి ఆపరేషన్ చేయించండి. మండలం పశువైద్యశాలలో డాక్టరు గారిని అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతారు. 2023 నాటి కేంద్రం నిబంధనల ప్రకారం వీధికుక్కలకి ఆపరేషన్, టీకా బాధ్యత పంచాయతీలది, మున్సిపాలిటీలదే. చేశాక మళ్లీ అదే వీధిలో వదలాలి, ఎక్కడో దూరంగా వదలకూడదు. సర్పంచి గారికి మీ మాట మీద గౌరవం ఉంది, ఒక్కసారి కదిలించండి. ఖర్చు ఎంతైనా నేను పంపుతాను. కుట్లు మానేదాకా పది రోజులు మన పశువుల కొట్టంలో ఉంచితే చాలు.

జూలై 6 జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు. ఆ రోజు పశువైద్యశాలల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మూడు నెలలు నిండిన పిల్లలుంటే వాటిని కూడా తమ్ముడి ఆటోలో తీసుకెళ్లండి. వీధిలో కుక్కలంటే పిల్లల తల్లులు భయపడుతున్నారని మీరన్నారు, ఆ భయం తప్పు కాదు. ఎవరికైనా పన్ను గీరుకున్నా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి సూదులు వేయించుకోవాలి. పసుపూ కారం అద్దొద్దని వీధిలో అందరికీ చెప్పండి.

మీ బీపీ మాత్రలు అయిపోవస్తుంటాయి, చూసుకోండి. అమ్మకి నమస్కారాలు, తమ్ముడికి, మరదలికి ఆశీస్సులు. డాక్టరు గారు ఏమన్నారో తమ్ముడి చేత రాయించి పంపండి, డబ్బు ఆ రోజే వేస్తాను.

ఇట్లు,
మీ అమ్మాయి