తీర్థన్ లోయ ప్రయాణం, మీరు మూసేసిన నా ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నీళ్లు కారిన వేడర్లు, జవాబు ఇవ్వని మీ సిబ్బంది

మీ దగ్గర కొన్న వేడర్లలో (నీళ్లలో దిగి చేపలు పట్టేటప్పుడు తడవకుండా వేసుకునే ప్యాంటులాంటివి) కుడి మడమ దగ్గర అతుకు విడిపోయింది. వస్తువు గురించి నేను చెప్పేది ఇంతే. లోపం ఏ వస్తువుకైనా రావచ్చు. నా కోపమంతా ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తీరు మీద.

హిమాచల్‌లోని తీర్థన్ లోయకు ట్రౌట్ చేపల కోసం వెళ్లే ముందు సామాను సర్దుకుంటూ, వేడర్లను డాబా మీద దండేనికి వేలాడదీసి నీళ్లు నింపి చూశాను. మడమ కుట్టు దగ్గర ఒక్కొక్క చుక్కే ఊరి, కాసేపటికి ధారగా కారింది. వెంటనే మీకు ఫోన్ చేశాను. ప్రయాణానికి ఇంకా చాలా టైముంది, మార్చి ఇవ్వడానికి అది సరిపోయేది.

మొదట మాట్లాడినాయన "రెయిన్‌కోటా సార్?" అని అడిగారు. కాదని వివరంగా చెప్తే, ఫోటో పంపమన్నారు. పంపాను. ఫోటోలో కారడం కనిపించట్లేదు, వీడియో కావాలన్నారు. అదీ పంపాను. ఫైలు పెద్దదైంది, లింకులో పెట్టమన్నారు. లింకు తెరిస్తే "మీ సమస్య పరిష్కారమైంది" అని వచ్చింది! మళ్లీ ఫోన్ చేస్తే కొత్త మనిషి, కథంతా మళ్లీ మొదటికి. గోదామువాళ్లు కొరియర్‌ని అడగమన్నారు, కొరియర్‌వాళ్లు మిమ్మల్ని అడగమన్నారు. "48 గంటల్లో కాల్ వస్తుంది సార్" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారి కూడా కాల్ రాలేదు.

ఒకావిడైతే "ఈసారికి గమ్‌బూట్లు వేసుకెళ్లండి సార్" అన్నారు. చేపల వేట సామాను అమ్మే కంపెనీలో ఉండి అనే మాటేనా ఇది? తీర్థన్‌లో పారేది కొండల మీద మంచు కరిగిన నీరు. మే నెలలో కూడా కాళ్లు కొంకర్లు పోతాయి. ఆ వడిలో గమ్‌బూట్లలోకి నీళ్లు నిండితే అడుగు తీసి అడుగు వేయలేం, కింద రాళ్లు నాచు పట్టి జారుతుంటాయి. ఒడ్డున నిలబడి గాలం వేద్దామంటే వెనక చెట్లు. లైను వెనక్కి విసరడానికి చోటుండదు. నీళ్లలోకి దిగాల్సిందే. నాలుగు ముక్కల రాడ్, రీల్, టిప్పెట్ (లైను చివర కట్టే సన్నటి దారం), ఫ్లైల (పురుగుల్లా కనిపించే గాలాల) డబ్బా, ఉన్ని బట్టలు, హెడ్‌ల్యాంప్, ఇవన్నీ బ్యాగులో ఎలాగో సర్దుకోవచ్చు. మేజోళ్లు మర్చిపోతే ఆ లోయలోని బంజార్ ఊరి బజార్లో దొరుకుతాయి. వేడర్లు అక్కడ ఎవరిని అడగాలి?

హోమ్‌స్టేకి డబ్బు కట్టేశాను కాబట్టి వెళ్లక తప్పలేదు. ఆ లోయలోనే గుషైనీ ఊరి దగ్గర మామూలు ప్యాంటుతోనే నీళ్లలో దిగాను. మోకాళ్ల కింద స్పర్శ పోవడం, బయటికొచ్చి ఎండలో కూర్చోవడం, మళ్లీ దిగడం. ఎదురుగా బండ వెనక బ్రౌన్ ట్రౌట్ పైకి లేచి పురుగును అందుకోవడం కనిపిస్తూనే ఉంది. అంత దూరం నడిచి వెళ్లేసరికి నిలబడే శక్తి ఉండేది కాదు. అక్కడ సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ చూస్తే మీ మెసేజి: "మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" ఆ క్షణంలో నాకెంత ఒళ్లు మండిందో మీకు తెలియాలి.

నా మొదటి ఫ్లై రాడ్ మీ దగ్గరే కొన్నాను. తర్వాత రీల్, లైన్లు, జాకెట్ కూడా. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఫ్లై ఫిషింగ్ నేర్చుకోవాలన్న ప్రతి స్నేహితుడికీ మీ పేరే చెప్పాను. అలాంటి మనిషి ఫోన్ చేస్తే రెండు నిమిషాలు సరిగ్గా వినే నాథుడు మీ కంపెనీలో లేడా?

హిమాచల్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట నిషేధం. అంతకుముందే ఇంకోసారి వెళ్లాలనుకుంటున్నాను. కొత్త వేడర్లు పంపుతారో, డబ్బు వాపసు చేస్తారో మీ ఇష్టం. కానీ ముందు బాధ్యత గల మనిషి ఎవరైనా నాకు ఫోన్ చేసి, మూసేసిన ఫిర్యాదు మీద సంజాయిషీ ఇవ్వాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసూ వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే వేయవచ్చు. మీ మెయిళ్లు, నా వీడియో, కాల్ వివరాలు అన్నీ దాచి ఉంచాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
హైదరాబాద్